బిల్లు వచ్చింది – కట్టేదెవరు?

(విశాఖపట్నంలో జరిగిన పాల ఉత్పత్తిదారుల సహకార సంఘాల అధ్యక్షులు, కార్యదర్శులు, సభ్యుల సమావేశంలో ఒక మాజీ శాసనసభ్యులు చేసిన ప్రసంగ పాఠం)



పన్నులు, బడ్జెట్టు, కొత్త బిల్లులు అనే విషయం మీద మాట్లాడమని నన్ను కోరారు. ముందుగా ఆ బిల్లు అనే మాట సంగతి చూద్దాం. మీ ఊళ్ళో బిల్లు అంటే సంతోషం. పదిహేను రోజులకొకసారి పాలబిల్లు వస్తుంది. దాణా బాకీ పోను మిగిలింది చేతికి వస్తుంది. పిల్లల ఫీజు, కిరాణా అప్పు, సంఘం బాకీ అన్నీ ఆ బిల్లు మీదే నడుస్తాయి. శాసనసభలో బిల్లు అంటే అలా కాదు. అక్కడ ఒక బిల్లు వచ్చిందంటే, దానికి ఎవరో ఒకరు ఎక్కడో ఒకచోట కట్టవలసి వస్తుంది. కొన్నిసార్లు డబ్బు రూపంలో కడతాం. కొన్నిసార్లు మన స్వేచ్ఛ రూపంలో కడతాం. ఈ రెండో రకం కట్టుబడి ఎవరి పాస్‌బుక్కులోనూ కనిపించదు. అందుచేతనే దాని గురించి ఎక్కువ జాగ్రత్త పడాలి.

నన్ను మితవాది అంటారు. మా ఇంట్లోవాళ్ళు పిసినారి అంటారు. రెండూ నేను ఒప్పుకుంటాను. మితవాది అంటే పేదవాడికి పెట్టవద్దనేవాడు కాదు. పెట్టేముందు గాదె ఎవరిదో, అందులో గింజలు ఎన్నో చూసుకోమనేవాడు. ఏ బిల్లు వచ్చినా మూడు ప్రశ్నలు అడగాలని నా అభిప్రాయం. ఒకటి, ఈ డబ్బు ఎవరిది? రెండు, ఈ అధికారం ఎవరి చేతికి పోతుంది? మూడు, ఇది తప్పని తేలితే వెనక్కి తీసుకునే దారి ఉందా? నేను ఈనాడు చెప్పేదంతా ఈ మూడు ప్రశ్నలే.

వెన్న చూడని పన్ను

1962లో మన రాష్ట్రంలో భూమిశిస్తు పెంచుతూ ఒక చట్టం చేశారు. అదనపు శిస్తు, సెస్సుల సవరణ చట్టం అని దాని పేరు. మెట్టకు ఇంత, పల్లానికి ఇంత అని ఎకరానికి కనీసపు రేట్లు పెట్టారు. పల్లపు భూమి విషయంలో ఆ నీటివనరు కింద మొత్తం ఆయకట్టు ఎంత ఉందో చూసి రేటు నిర్ణయించారు. పెద్ద ఆయకట్టయితే ఎక్కువ, చిన్న ఆయకట్టయితే తక్కువ. ఆ ఎకరం సారవంతమా, చవుడా, దానిమీద పండేది ఎంత అనే విచారణ లేదు. రైతుకు ముందుగా నోటీసు ఇచ్చి, అభ్యంతరం వినే ఏర్పాటు కూడా సరిగా లేదు.

ఇది ఎలాంటిదో మీకు వేరే చెప్పనక్కరలేదు. మీ కేంద్రంలో వెన్నశాతం చూడకుండా, ఊరి పాలన్నీ కలిపి ఎన్ని లీటర్లు వచ్చాయో చూసి, అందరికీ ఒకటే రేటు కట్టారనుకోండి. చిక్కటి గేదెపాలు పోసినవాడూ, నీళ్ళు కలిపినవాడూ ఒకటే అవుతారు. మీరు ఒక్కరోజు కూడా ఊరుకోరు. ఆనాటి రైతులూ ఊరుకోలేదు. కోర్టుకు వెళ్ళారు. 1967లో సుప్రీంకోర్టు ఆ చట్టం చెల్లదని తీర్పు చెప్పింది. భూమి నాణ్యతకూ, పన్నుకూ సంబంధం లేకపోతే అది సమానత్వం కాదని, అసమానులను ఒకే గాట కట్టడం కూడా అన్యాయమేనని ఆ తీర్పు సారాంశం.

చట్టం అధికారం లేకుండా ఏ పన్నూ విధించరాదని, వసూలు చేయరాదని మన రాజ్యాంగం 265వ అధికరణం చెబుతున్నది. చట్టం ఉంటే చాలదు, ఆ చట్టంలో న్యాయం కూడా ఉండాలని 1967 తీర్పు చెప్పింది. రైతు పక్షాన నిలబడిన మాట ఇది. పెద్ద కమతందారుకు మాత్రమే పనికివచ్చే మాట కాదు. రెండెకరాల చవుడు భూమి ఉన్నవాడికే అది ఎక్కువ మేలు చేసింది.

పాలకు పన్ను లేదా?

ఇక ఈనాటి సంగతి. 2017 జులై 1న జి.ఎస్.టి. వచ్చింది. పాలకు పన్ను లేదు గదా, మనకెందుకు అంటారు మీరు. పాల మీద పన్ను లేనిమాట నిజం. కాని పాలలో పన్ను లేదనుకోవడం పొరపాటు. పాలు చల్లబరచే యంత్రానికి, డబ్బాకు, విడిభాగానికి, ప్యాకెట్టు కవరుకు పన్ను కట్టే కొంటారు. పన్ను పడే సరుకు అమ్మే వ్యాపారి అయితే తాను కట్టినదాన్ని జమ వేసుకుంటాడు. పన్ను లేని పాలు అమ్మేవారికి ఆ జమ లేదు. ఆ భారం డెయిరీ లెక్కలో కలిసి, చివరకు మీ లీటరు ధరలోనో, పట్నంలో పిల్లలకు పాలు కొనే తల్లి కొంగుముడిలోనో తేలుతుంది. పాలవ్యాను తాగే డీజిలు జి.ఎస్.టి.లో లేదు. దాని మీద కేంద్రం సుంకం వేరు, రాష్ట్రం పన్ను వేరు. చోడవరం, మాడుగుల వైపు ఊళ్ళ నుంచి పాలు తెచ్చే ప్రతి వ్యానూ రెండు ప్రభుత్వాలకూ పన్ను కట్టుకుంటూనే నడుస్తున్నది.

2022 జులై 18 నుంచి ప్యాకెట్టు కట్టి పేరు వేసి అమ్మే పెరుగు, మజ్జిగ, లస్సీల మీద నూటికి 5 వంతున పన్ను వేశారు. నెయ్యి, వెన్నల మీద నూటికి 12 ఉండేది. 2025 సెప్టెంబరు 22 నుంచి దాన్ని 5కు తగ్గించారు. తగ్గించినందుకు సంతోషమే. అయితే ఒక్క విషయం గమనించండి. ఈ హెచ్చుతగ్గులు నిర్ణయించేది కేంద్ర, రాష్ట్ర మంత్రులు కూర్చునే జి.ఎస్.టి. మండలి. మజ్జిగ మీద పన్ను వద్దని మన శాసనసభ్యులందరూ ఏకగ్రీవంగా అన్నా, ఆ ఒక్క మాటతో అది పోదు. దేశమంతా ఒకటే పన్ను ఉండడంలో సుఖం ఉంది, కాదనను. కాని పన్ను వేసేవాడు ఎంత దూరంగా ఉంటే, కట్టేవాడి గొంతు అంత సన్నగా వినిపిస్తుంది. నా వంటి మితవాదికి ఉన్న బెంగ అదే.

ఖజానాకు ఒక అలవాటు ఉంది. ఒకసారి రుచి మరిగిన ఆదాయాన్ని వదలలేదు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ప్రకాశం పంతులుగారు ముఖ్యమంత్రి. మన విశాఖకు చెందిన తెన్నేటి విశ్వనాథంగారు ఆర్థికమంత్రి. కొత్త రాష్ట్రం, చాలని రాబడి. మద్యనిషేధం ఉంచాలా, తీసివేయాలా అన్న వివాదంలో 1954 నవంబరులో ఒక్క ఓటు తేడాతో ఆ మంత్రివర్గం పడిపోయింది. తరువాత 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం తెచ్చారు. మహిళలు పోరాడి సాధించుకున్నది అది. రెండేళ్ళు దాటేసరికి, 1997లో ఎత్తివేశారు. ఖజానా బాధ అందులో పెద్ద కారణం. ఏ పార్టీ వచ్చినా ఈ చిక్కు తప్పలేదు. తాగేవాడి జేబు మీద ఆధారపడిన బడ్జెట్టు, తాగుడు మాన్పించే పని మనస్ఫూర్తిగా చేయగలదా? పాల డబ్బు తెచ్చే ఇల్లాలికి ఈ ప్రశ్న బాగా తెలుసు.

బడ్జెట్టును ఎలా చదవాలి

బడ్జెట్టు ప్రసంగం వినడానికి బాగుంటుంది. నేను మాత్రం ఆ ప్రసంగం కంటే వెనుక ఉన్న పట్టికలను నమ్ముతాను. అక్కడ మూడు రకాల అంకెలుంటాయి. రాబోయే ఏటికి వేసిన అంచనా ఒకటి. నడుస్తున్న ఏటికి సవరించిన అంచనా ఒకటి. గడిచిపోయిన ఏటిలో నిజంగా ఖర్చయిన లెక్క ఒకటి. పత్రికల్లో పెద్ద అక్షరాలలో పడేది మొదటిది. మీరు చూడవలసింది మూడోది. పశుసంవర్ధక శాఖకు ఇంత ఇస్తామన్నారు సరే, గడిచిన ఏట ఎంత ఇచ్చారు? కోడలికి ఏమి పెడతానన్నారో పెళ్ళిలో అందరూ వింటారు. పెట్టిందెంతో పుట్టింటివారు లెక్క చూసుకుంటారు.

రెండో విషయం అప్పు. అప్పు చేసి గేదెను కొంటే, ఆ గేదె పాలిచ్చి అప్పు తీరుస్తుంది. అప్పు చేసి దాణా కొంటే, దాణా అయిపోతుంది, అప్పు మిగులుతుంది. గేదెను అమ్మి దాణా కొనేవాడిని మనం ఏమంటాం? ప్రభుత్వ లెక్కలలో రెవిన్యూ లోటు అంటే దాదాపుగా అదే. రోజువారీ ఖర్చుకు రోజువారీ రాబడి చాలక, అప్పు తెచ్చి నడపడం. కాలువకో, పశువైద్యశాలకో, రోడ్డుకో చేసే అప్పు వేరు. ఈ రెంటినీ ఒకే కుండలో పోసి చూపించినప్పుడు విడదీసి చూడడం సభ్యుని పని.

మూడో విషయం చర్చ. ఒక్కొక్క శాఖకు కావలసిన సొమ్మును పద్దుగా సభ ముందు పెడతారు. సభ్యులు కోత తీర్మానాలు ఇవ్వవచ్చు. విధానమే నచ్చకపోతే పద్దును ఒక్క రూపాయికి తగ్గించాలని ఇస్తారు. ఒక ప్రత్యేక ఇబ్బందిని సభ దృష్టికి తేవాలంటే వంద రూపాయలు తగ్గించాలని ఇస్తారు. వంద రూపాయలతో ఖజానాకు ఏమీ కాదు. కాని ఆ తీర్మానం వల్ల మంత్రి లేచి జవాబు చెప్పవలసి వస్తుంది. వ్యవధి చాలనప్పుడు చివరి రోజున మిగిలిన పద్దులన్నీ చర్చ లేకుండానే ఓటుకు పెట్టేస్తారు. దాన్ని గిలెటిన్ అంటారు. కత్తివేటు అన్నమాట. మీ ఊరి మహాజన సభలో కార్యదర్శి లెక్క చదవకుండానే చేతులెత్తించి ఆమోదించుకుంటే మీరు ఒప్పుకుంటారా? ఒప్పుకోకూడదు. అక్కడా అంతే.

మన సొంత కథ

ఇక రెండో ప్రశ్న. అధికారం ఎవరి చేతికి? దీనికి దూరపు ఉదాహరణ అక్కరలేదు. పాడి సహకార సంఘాల కథే చాలు.

1964 సహకార చట్టం కింద సంఘాల మీద రిజిస్ట్రారుకు ఎన్నో అధికారాలున్నాయి. ఎన్నికైన పాలకవర్గాన్ని తొలగించి, ప్రభుత్వం తరపున ఒక అధికారిని కూర్చోబెట్టవచ్చు. ప్రభుత్వపు వాటాధనం ఉంది గనుక ప్రభుత్వపు మాట చెల్లాలి అనేది అందులోని వాదం. ఆ వాదాన్ని నేను తోసిపుచ్చను. డబ్బు పెట్టినవాడు లెక్క అడుగుతాడు. అయితే పెట్టిన వాటాను తిరిగి ఇచ్చేసి, మా ఇల్లు మేమే చక్కదిద్దుకుంటాం అనే సంఘానికి దారేది? చౌదరి బ్రహ్మప్రకాశ్ అధ్యక్షతన వేసిన సంఘం ఇదే ఆలోచించి ఒక నమూనా చట్టాన్ని సూచించింది. దాని వెలుగులో 1995లో మన రాష్ట్రం పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం చేసింది. అటువంటి చట్టం చేయడంలో దేశంలో మన రాష్ట్రమే మొదటిది. ప్రభుత్వ వాటా ఉండదు, ప్రభుత్వ పెత్తనమూ ఉండదు. సభ్యులే నియమావళి రాసుకుంటారు, సభ్యులే పాలకవర్గాన్ని ఎన్నుకుంటారు. పలు పాల సంఘాలు, జిల్లా యూనియన్లు ఆ చట్టం కిందికి మారాయి.

2006లో ఆ చట్టానికి ఒక సవరణ వచ్చింది. మిగతా రకాల సంఘాలన్నిటినీ అలాగే ఉంచి, పాడి సంఘాలను మాత్రం ఆ చట్టం నుంచి తీసివేసింది. అదికూడా ఆనాటి నుంచి కాదు, 1995 నుంచే వాటికి ఆ చట్టం వర్తించనట్టుగా, అవి 1964 చట్టం కిందనే ఉన్నట్టుగా భావించాలన్నది. అంటే పదేళ్ళపాటు ఒక ఇంట్లో కాపురం చేసినవారిని పిలిచి, మీరు ఆ ఇంట్లో అసలు అడుగే పెట్టలేదు అని చెప్పడం.

సవరణను సమర్థించినవారికీ ఒక వాదం ఉంది. ప్రభుత్వ ధనంతో కట్టిన డెయిరీలు, స్థలాలు, యంత్రాలు కొద్దిమంది చేతుల్లోకి పోతున్నాయని, మూడంచెల సహకార వ్యవస్థ చెదిరిపోతున్నదని వారు అన్నారు. ఆ భయాన్ని తేలికగా తీసుకోకూడదు. స్వతంత్రత పేరుతో ఎవరైనా సంఘాన్ని సొంత ఆస్తి చేసుకుంటే అదీ దోపిడీయే. కాని రోగం ఎక్కడుందో అక్కడ మందు వేయాలి. ఒక గేదెకు గాలికుంటు వచ్చిందని ఊరి పశువులన్నిటినీ బందెలదొడ్డిలో పెట్టరు గదా.

సంఘాలు హైకోర్టుకు వెళ్ళాయి. 2007లో హైకోర్టు సవరణను కొట్టివేసింది. ప్రభుత్వమూ, ఫెడరేషనూ సుప్రీంకోర్టుకు వెళ్ళాయి. 2011 సెప్టెంబరులో సుప్రీంకోర్టు హైకోర్టు తీర్పునే ఖాయం చేసింది. సభ్యులు స్వచ్ఛందంగా ఒక చట్టం కింద సంఘం పెట్టుకున్నాక, వారి ఇష్టం లేకుండా ఆ సంఘం స్వభావాన్నే మార్చివేయడం సంఘస్వేచ్ఛకు భంగమని, పాడి సంఘాలను మాత్రమే ఏరి వేరు చేయడం సమానత్వానికి విరుద్ధమని చెప్పింది. ఆ వ్యాజ్యంలో ఓడినవారూ పాడివారే, గెలిచినవారూ పాడివారే. అందుచేత జయాపజయాల మాట నేను ఎత్తను. ఒక బిల్లు సభలో నెగ్గడానికి కొద్ది కాలం చాలు. దాని తప్పు దిద్దడానికి అయిదేళ్ళు పట్టింది. నా మూడో ప్రశ్న అందుకే అడుగుతున్నాను.

ఆ 2011లోనే పార్లమెంటు 97వ రాజ్యాంగ సవరణ ఆమోదించింది. సహకార సంఘం పెట్టుకోవడం ప్రాథమిక హక్కు అయింది. దానితోపాటు సంఘాలు ఎలా నడవాలో చెప్పే భాగం ఒకటి చేర్చారు. అది రాష్ట్రాల పరిధిలోని విషయం గనుక సగం రాష్ట్రాల శాసనసభల ఆమోదం తీసుకోవలసింది. తీసుకోలేదు. ఆ కారణంగా రాష్ట్రాల సంఘాల మటుకు ఆ భాగం చెల్లదని 2021 జులైలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. మంచి ఉద్దేశం ఒక్కటే చాలదు. పద్ధతి తప్పితే మంచి చట్టం కూడా నిలవదు.

మీరడిగే ప్రశ్న

ఇంతసేపూ ప్రభుత్వం తక్కువ, సభ్యుడు ఎక్కువ అన్నావు, మరి పాడి పరిశ్రమ ప్రభుత్వ ధనం లేకుండా వచ్చిందా అని మీరడగవచ్చు. రాలేదు. 1970లో మొదలైన పాలవెల్లువ పథకం లేకుండా, యూరపు దేశాలు ఉచితంగా ఇచ్చిన పాలపొడి, వెన్ననూనె అమ్మగా వచ్చిన సొమ్ము లేకుండా, ఈ డెయిరీలు ఇలా నిలబడేవి కావు. నేను దాన్ని కాదంటే అబద్ధమవుతుంది. కాని ఆ సొమ్ము చేసిన పని చూడండి. దానితో పాలు ఉచితంగా పంచిపెట్టలేదు. శీతల కేంద్రాలు కట్టారు, మార్కెట్టు కట్టారు, రైతుకు రోజూ అమ్ముకునే దారి చూపారు. అప్పు చేసి గేదెను కొనడం అంటే అదే.

విశాఖలో నిలబడి ఉక్కు మాట ఎత్తకుండా ఉండలేను. ప్రభుత్వం వ్యాపారాలు తగ్గించుకోవాలనేవాళ్ళలో నేనొకణ్ణి. అయినా ఇక్కడికి వస్తే నా గొంతు కొంచెం తగ్గుతుంది. 1966లో ఈ ఊళ్ళో ఉక్కు ఉద్యమంలో తుపాకి గుళ్ళకు మనుషులు నేలకొరిగారు. పలువురు శాసనసభ్యులు పదవులు వదులుకున్నారు. 1971 జనవరి 20న శంకుస్థాపన జరిగింది. గాజువాక వైపు ఎన్నో ఊళ్ళు పొలాలు ఇచ్చాయి. ఆ పొలాలలో మేసిన పశువులు మీవంటి వారివే. 2021 జనవరిలో కేంద్రం ఆ కర్మాగారంలో తన వాటాలన్నీ అమ్మివేయాలని సూత్రప్రాయంగా నిర్ణయించింది. 2025 జనవరిలో దాన్ని నిలబెట్టడానికి 11,440 కోట్ల రూపాయల సహాయం ప్రకటించింది. పట్టికలో ఒక గడిలో లాభనష్టాలు రాస్తారు. భూమి ఇచ్చినవాడి బాకీ రాయడానికి గడి ఉండదు. ఆ బాకీ తీర్చకుండా అమ్ముతామనడం మితవాదం కాదు, మాట తప్పడం. అలాగే ఇంత సొమ్ము ఇచ్చినప్పుడు అది ఎలా ఖర్చవుతున్నదో ఏటేటా లెక్క చెప్పమనడం ఉక్కుకు ద్రోహం కాదు, కాపుదల.

ఇల్లు చక్కబెట్టుకుందాం

చివరిగా ఒక్క మాట మీతోనే. శాసనసభను అడిగే హక్కు మనకు రావాలంటే, మన మహాజన సభలో అడిగే అలవాటు ముందు ఉండాలి. మీలో ఎంతమంది మీ సంఘం నియమావళి చదివారో నేను అడగను, సిగ్గుపెట్టడానికి రాలేదు. ఈసారి సభకు వెళ్ళినప్పుడు ఆడిటు రిపోర్టు పైకి చదివి వినిపించమనండి. బోనసు ఎంత అని అందరూ అడుగుతారు. దాణా అమ్మకంలో మిగులు ఎంత, రానిబాకీలు ఎంత, అవి ఎవరివి అని అడగండి. పాలు పోసేది ఆడవారు, సభకు వచ్చేది మగవారు అనే పద్ధతి మార్చండి. సభ్యత్వం ఎవరి పేర ఉండాలో పాలు పితికే చేతిని చూసి నిర్ణయించండి.

పాల మీదనో, సంఘాల మీదనో కొత్త బిల్లు వస్తున్నదని తెలిస్తే, అది చట్టమయ్యాక ధర్నా చేయడం కంటే, బిల్లుగా ఉన్నప్పుడే ప్రతి తెప్పించుకుని తెలుగులో చదివించుకోండి. మీ శాసనసభ్యుని దగ్గరకు పదిమంది వెళ్ళి ఆ మూడు ప్రశ్నలూ అడగండి. డబ్బు ఎవరిది? అధికారం ఎవరికి? వెనక్కి తీసుకునే దారి ఏది? ఆయన ఏ పార్టీవాడైనా సరే, పదిమంది పాడిరైతులు కాగితం చేతపట్టుకుని వచ్చి అడిగితే జవాబు వెతుక్కుంటాడు. నేను ఆ కుర్చీలో కూర్చున్నవాణ్ణి గనుక చెబుతున్నాను, దండతో వచ్చినవాణ్ణి మరచిపోతాం, కాగితంతో వచ్చినవాణ్ణి మరచిపోలేం.

సాయంత్రం పాలవేళ అవుతున్నది. గేదెలు ఉపన్యాసాల కోసం ఆగవు. మిమ్మల్ని ఇంకా కూర్చోబెట్టడం న్యాయం కాదు.